దుంప ఏడ్చినప్పుడు

ఎండాకాలంలో ఉన్నికోటు చంకన పెట్టుకుని పనికి వెళ్ళే మనిషి మా వీధిలో మా నాన్న ఒక్కడే. కోల్డ్ స్టోరేజీలో బంగాళాదుంపల గదులకు ఆయన మేస్త్రీ. బయట రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంటే, ఆయన లోపల మఫ్లరు చుట్టుకుని బస్తాల వరుసల మధ్య తిరుగుతూ ఏ బస్తాలో దుంప మొలకెత్తుతోందో వాసనబట్టి చెప్పేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకముందే రెండు అరచేతులూ పాప బుగ్గలకు ఆనించేవాడు. నిజానికి ఆ చలి దారిలోనే ఎప్పుడో ఆవిరైపోయి ఉండేది. అయినా పాప “అబ్బ, ఐసు” అంటూ మెడ భుజాల్లోకి లాక్కునేది. తాత సరదా పాడుచెయ్యడం దానికి ఇష్టం లేదు. ఆరేళ్ళకే అంత ఇంగితం దానికి.

నన్ను అమ్మా అని పిలిచేది. నేను కన్నతల్లిని కాను. అది మా అక్క కూతురు. అక్క దాన్ని కన్న పదకొండో రోజున జ్వరంతో పోయింది. అప్పుడు నాకు పదహారేళ్ళు, పదో తరగతి పరీక్షలకు ఇంకా రెండు నెలలు ఉంది. ఒక నెల బడి మానేసి మళ్ళీ వెళ్దామనుకున్నాను. మా అమ్మ మా చిన్నప్పుడే పోయింది. బావ లారీ డ్రైవరు, వారంలో ఆరు రోజులు రోడ్డు మీదే. నాన్నకు పాలసీసా ఎటు తిప్పి పట్టాలో తెలియదు. ఆ ఒక్క నెలే సాగి సాగి ఆరేళ్ళయింది. బావకి నన్నిచ్చి చేస్తే పోతుంది కదా అని ఇరుగుపొరుగు అనకపోలేదు. గౌను తొడుక్కునే వయసునుంచీ ఎరుగుదును, చెల్లెల్లాంటిది అన్నాడు బావ. నాకూ ఆయన మీద వేరే ఊహ ఎప్పుడూ లేదు. నాకు కావలసింది పాప. అది నా పక్కలోనే ఉంది.

నాకు భయం జాస్తి. స్నానం నీళ్ళు మూడుసార్లు మోచేత్తో చూస్తేగాని పోసేదాన్ని కాదు. ద్రాక్షపండును నాలుగు ముక్కలు చేసి పెట్టేదాన్ని. బడి గంట కొట్టినా గేటు దగ్గరే నిలబడి, కిటికీలోంచి దాని రెండు జడలు కనిపించాకే కదిలేదాన్ని. బడిలో వెనకబడుతుందేమోనని ముందే అక్షరాలన్నీ నేర్పేశాను. అది వీధిలో కనిపించిన ప్రతి బోర్డునూ కూడబలుక్కుని చదువుతుంటే, నా చదువే ముందుకు నడుస్తున్నట్టుండేది.

అది తిండి దగ్గర పేచీకోరు. కోపం వస్తే నోరు బిగించేస్తుంది, గరిటె పెట్టి తెరవాలన్నా తెరవదు. అలాంటప్పుడు దాని నోరు తెరిపించేవి మట్టుండలు మాత్రమే.

మట్టుండలు అనేది మట్టిరంగు చూసి పాప పెట్టిన పేరు. కనిపెట్టింది అక్క. పెళ్ళికి ముందు అక్క చాక్లెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేది. విరిగిన పలకల ముక్కలు శనివారం శనివారం పనివాళ్ళకి ఇచ్చేవాళ్ళు. తవ్వేటప్పుడు గడ్డపార తగిలి తెగిన దుంపలు నాన్న తెచ్చేవాడు. చలిలో నెలల తరబడి ఉన్న దుంప కొంచెం తియ్యబడుతుంది. కూర వండితే బాగోదు. ఎలాగూ తియ్యగా ఉంది కదా, పూర్తిగా తియ్యగానే చేసేద్దాం అంది అక్క.

పిడికెడంత దుంప ఒక్కటి చాలు. ఉప్పు వెయ్యకుండా ఉడకబెట్టి, పలుకు లేకుండా మెదిపి, చల్లారాక మెత్తటి చక్కెర పొడి గరిటె గరిటెగా పొయ్యాలి. తిరకాసంతా ఇక్కడే. గట్టి ముద్దలో పొడి వేస్తే ఇంకా గట్టిపడుతుందనే ఎవరైనా అనుకుంటారు. కాదు. రెండో గరిటెకే అది నీరుగారి జావైపోతుంది. అక్క మొదటిసారి పాడైపోయిందని పారబోసింది. రెండోసారి పారబొయ్యడానికి మనసొప్పక మొండిగా పోస్తూ కూర్చుంటే, ఎక్కడో పదో గరిటె దాటాక అది దారికొచ్చింది.

“దుంప ఏడుస్తుందే. ఏడవనివ్వాలి. మనం మాత్రం చెయ్యి ఆపకూడదు” అనేది అక్క.

జావగా ఉన్నంతసేపూ చెంచా గిన్నెకు తగిలి టింగుటింగుమంటుంది. ముద్ద గట్టిపడేకొద్దీ చప్పుడు మొద్దుబారి, చివరికి వినిపించదు. అప్పుడు పొడి సరిపోయిందని గుర్తు. ఎండుకొబ్బరి తురుము కలిపి ఉండలు చుట్టాలి. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి ఆ ఉండలు నాన్న టిఫిన్ డబ్బాలో కోల్డ్ స్టోరేజీకి వెళ్ళి, మర్నాడు సాయంత్రం రాళ్ళల్లే తిరిగొచ్చేవి. వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి చాక్లెట్ కరిగించి అందులో ముంచి తియ్యడమే. చాక్లెట్‌లో ఒక్క నీటిచుక్క పడకూడదు, పడితే ఇసకలా విరిగిపోతుంది.

అక్క ఒకసారి నాన్నకు అన్నం తీసుకెళ్ళినప్పుడు, దుంపల లోడుతో వచ్చిన కొత్త డ్రైవరుకి ఒక ఉండ పెట్టి లోపలేముందో చెప్పుకోమంది. జీడిపప్పు అన్నాడు. కాదు. పాలపొడి అన్నాడు. కాదు. ఖర్జూరం దాకా వెళ్ళాడు. చివరికి అక్క అతని లారీ వైపు వేలు చూపించింది. “దీని దుంప తెగ” అన్నాడట ఆ డ్రైవరు నోరెళ్ళబెట్టి. హమాలీలందరూ బస్తాలు దించేసి మరీ నవ్వారట. ఆ డ్రైవరే మా బావ. వాళ్ళ పెళ్ళి ఆ లారీ పక్కనే కుదిరిపోయిందంటాడు నాన్న.

నేను చేసేటప్పుడు పాప పీట మీద నిలబడేది. దాని పని ఒక్కటే. జావ కాగానే “ఏడుస్తోంది, ఇంకా పొయ్యి” అని నాకు చెప్పాలి. ఆ మాట అది చెప్పేదాకా నేను చెయ్యి ఆపి ఎదురు చూసేదాన్ని.

ఆ వేసవి మొదట్లో, బడులకు సెలవులిచ్చిన వారంలో, బావ ఫోను చేశాడు. ఏడాది కిందట ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మాకు చెప్పే చేసుకున్నాడు. నాన్న వెళ్ళి వచ్చాడు కూడా. ఇప్పుడు లారీ మానేసి డిపోలో పగటి ఉద్యోగంలో చేరాడు. బడికి దగ్గర్లో రెండు గదుల ఇల్లు తీసుకున్నాడు. బడులు తెరిచే వేళకి పాపని తీసుకెళ్తానన్నాడు.

ఈ సంగతి నాన్న నాకు రెండు రోజుల తర్వాత చెప్పాడు. అప్పుడు మేమిద్దరం తెగిన దుంపలు ఏరుతున్నాం.

“నువ్వేమన్నావు?” అన్నాను.

“ఏమంటాను. సరే అన్నాను. వాడి కూతురు.”

“నన్నొక మాట అడగాలనిపించలేదా నాన్నా?”

నాన్న ఒక దుంప తీసుకుని దాని మొలక కన్ను గోటితో గిల్లాడు. “అడిగితే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే నేను వాడికి వద్దని చెప్పకుండా ఉండలేను. ఆ తర్వాత అది పెద్దదై, మా నాన్న దగ్గరికి నన్నెందుకు పంపలేదు తాతా అంటే, అప్పుడు మనిద్దరిలో ఎవరు జవాబు చెప్పాలి?”

మంచి దుంపల్లో రెండు కుళ్ళినవి కలిపేశానని నాన్న చూసి తీసేశాడు.

తర్వాతి ఆదివారం బావ ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. పాపకి అలవాటు కావాలి కదా అన్నాడు. ఆమె ఏమైనా గయ్యాళిగా ఉంటే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను. అలా లేదు. సన్నగా, నెమ్మదిగా, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దగా ఉంది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని. ఎంత కడిగినా పోని బూడిదరంగు పొడి బొటనవేలి గోటి చుట్టూ కనిపించింది. తనకీ మందపాటి అద్దాలే. పాప నక్కి నక్కి ఆమె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వంటింట్లోకి వచ్చి, కళ్ళజోడు ఆంటీ అని పేరు పెట్టేసింది.

వరసకి నేను ఆమెను అక్కా అని పిలవాలి. నాన్న రెండుసార్లు సైగ చేశాడు. ఆ పిలుపు నా నోట్లోంచి రాలేదు. ఇదుగో, కాఫీ, వినండి, ఇలాగే నెట్టుకొచ్చాను.

ఆమె పాపకి గౌను తెచ్చింది. తొడిగితే చేతులు వేళ్ళను దాటిపోయాయి. పెరుగుతుంది కదా అని పెద్దది కొన్నాను అంది, తప్పు చేసినదానిలా. పర్వాలేదు, దాచుకుంటుంది అన్నాను నేను. కొలత తెలియలేదు కదా నీకు అని లోపల ఒక పాడు సంతోషం.

తర్వాత సంచీలోంచి ఒక చిన్న పుస్తకం తీసింది. ఏం తింటుంది, ఏది పడదు, జ్వరం వస్తే ఏ మందు, చీకటంటే భయమా, అన్నీ అడుగుతూ రాసుకుంది. నేను ముక్తసరిగా చెబుతూ వచ్చాను. ఏం తింటుందని రెండోసారి అడిగినప్పుడు మాత్రం “నేనేం పెడితే అది తింటుంది” అన్నాను. ఆమె పెన్ను ఆగింది. ఆ మాట రాసుకోలేదు. పుస్తకం మూసేసింది.

పాప పళ్ళెంలో మట్టుండలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. “లోపలేముందో చెప్పుకోండి” అంది. వచ్చిన ప్రతివాళ్ళకీ అది పెట్టే పరీక్ష అదే. ఆమె ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది.

“నాకు తెలియలేదు. నువ్వే చెప్పవా?”

ఇంతవరకూ ఎవరూ తెలియదని ఒప్పుకోలేదు. అందరూ ఏదో ఒకటి చెప్పి తప్పిపోయినవాళ్ళే. పాప తెల్లబోయి నా వైపు చూసింది. చివరికి ఆమె చెవి దగ్గరకు వెళ్ళి రహస్యంగా చెప్పేసింది. ఆమె నమ్మలేనట్టు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఎలా చేస్తారో తనకీ నేర్పమని నన్ను అడిగింది. వెళ్ళేరోజు కాగితం మీద రాసిస్తానన్నాను.

బావ ఒక ఉండ తీసుకున్నాడు గానీ తినలేదు. తర్వాత తింటానని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ ఎండకి జేబులోనే అది కరిగి, బస్సు ఎక్కే వేళకి గుండెల మీద అరచేతంత గోధుమరంగు మరక దిగింది. ఆమె చూసింది. సంచీలోంచి రుమాలు తీసి తడిపింది. ఆయన మొహం చూసి, తుడవకుండా ఆ తడి రుమాలు మళ్ళీ మడిచి లోపల పెట్టేసింది.

తర్వాతి ఐదు వారాలూ నేను పాపకి కొత్త ఇంటి గురించి మంచి మాటలే చెప్పాను. అక్కడ ఫ్రిజ్ ఉందట, మేడ మీద గది ఉందట, మీ నాన్న రోజూ సాయంత్రం ఇంటికే వస్తాడట అన్నాను. అది అన్నీ విని, “నువ్వెప్పుడొస్తావు?” అనేది. వస్తాలే అనేదాన్ని. ఆ ఐదు వారాల్లో ఎన్ని మట్టుండలు చేశానో లెక్కలేదు. పిల్లకి పళ్ళు పుచ్చిపోతాయే అమ్మాయ్ అని నాన్న ఒకరోజు విసుక్కున్నాడు. నాకు మాత్రం, దాని నాలుక మీద మా ఇల్లు చెరగని ముద్రలా పడిపోవాలని ఉంది.

వెళ్ళేరోజు పొద్దున పాప బట్టలు పెట్టెలో సర్ది, నా పదో తరగతి లెక్కల నోటుపుస్తకం బయటికి తీశాను. వెనక పేజీలు ఖాళీగానే ఉన్నాయి. అందులో ఒక కాగితం చింపి, పాప చదవగలిగేటంత గుండ్రంగా రాయడం మొదలుపెట్టాను. దుంప ఒకటి. ఉప్పు వద్దు. మెత్తగా మెదపాలి. చల్లారాక చక్కెర పొడి.

అక్కడ పెన్ను ఆగింది.

హాల్లో, తీసుకెళ్ళడానికి ముందురోజే వచ్చిన ఆమె పాప పక్కన నేల మీద కూర్చుని చెప్పుల బకిల్స్ పెడుతోంది. పాప ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది, పడిపోకుండా. అంతే. ఎవరు చెప్పులు తొడిగినా అలాగే వేస్తుంది.

చక్కెర పొడి తగినంత, అని రాశాను. అబద్ధమేమీ కాదు. పుస్తకాల్లో అందరూ అలాగే రాస్తారు. తర్వాత కొబ్బరి, ఉండలు చుట్టడం, చాక్లెట్‌లో నీటిచుక్క పడకుండా చూడటం, అన్నీ వివరంగా రాశాను. నీటిచుక్క మాట కింద గీత కూడా గీశాను. దుంప ఏడ్చే మాట రాయలేదు.

ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కళ్ళజోడు డబ్బాలో దాచుకుంది. బస్సు కదిలేటప్పుడు పాప ఏడవలేదు. కిటికీలోంచి నాన్న చేతులు అందుకుని బుగ్గలకు ఆనించుకుంది. అది పొద్దుటి బస్సు. నాన్న ఇంకా పనికి వెళ్ళలేదు. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. అయినా “అబ్బ, ఐసు” అంది.

ఆ తర్వాత ఇంట్లో చెయ్యడానికి పనంటూ లేదు. మోచేత్తో నీళ్ళు చూసుకుని నేనే పోసుకునేదాన్ని. మధ్యాహ్నం మూడున్నరకి కాళ్ళు వాటంతటవే గుమ్మం దాకా వెళ్ళేవి. నాన్న సాయంత్రం రాగానే చేతులు ఏం చెయ్యాలో తెలియక, కోటు మడతలు రెండుసార్లు విప్పి మళ్ళీ పెట్టేవాడు. ఒకరోజు పీటని అటక మీద పెట్టబోయాడు. ఉండనీ నాన్నా, వస్తుంది కదా అప్పుడప్పుడూ అన్నాను. ఉండనిచ్చాడు.

పన్నెండో రోజు ఆమె ఫోను చేసింది. పాప బాగానే ఉందని, బడిలో పక్కపిల్లతో స్నేహమైందని చెప్పింది. అన్నం మాత్రం సరిగ్గా తినడం లేదు. రెండు ముద్దలకే నోరు బిగిస్తోంది. “మీ ఉండలు చేసి చూశాను. చక్కెర వెయ్యగానే జావైపోయింది. ఏం తప్పు చేశానో తెలియడం లేదు” అంది.

నా గుండె ఎంత తేలికైందో. సిగ్గు లేకుండా ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఆ క్షణంలో నాకు పాప తినడం లేదన్న బాధ లేదు. నేనున్నానన్న ధీమా ఉంది.

“దుంపల్లో తేడా అయ్యుంటుంది” అన్నాను. “మావి చలిలో నెలల తరబడి ఉన్న దుంపలు. బజారులోవి పనికిరావు.”

మేస్త్రీ కూతురిని నేను. దుంపల గురించి నేను చెబితే ఎవరైనా నమ్ముతారు. ఆమె నిజమే అయ్యుంటుందంది, చెప్పినందుకు థాంక్స్ కూడా చెప్పింది.

పాప ఫోనులోకి వచ్చి, బడిలో బల్లలు నీలంరంగువని, ఆంటీ తనకి భూతద్దం ఇచ్చిందని చెప్పింది. దాని గొంతు సన్నబడినట్టు నాకనిపించింది. నాన్నకు చెబితే, ఫోనులో అందరి గొంతూ అంతేనే అన్నాడు.

ఇంకో పదిరోజులకి మళ్ళీ ఫోను. ఆ మధ్యాహ్నం తొలకరి వాన పడి ఆగింది. వీధిలో మట్టివాసన. అటునుంచి ఆమె గొంతు అలసటగా ఉంది.

దుకాణానికి సెలవు పెట్టిందట. పాపని తీసుకుని రెండు బస్సులు మారి, ఊరి బయట ఎక్కడో ఉన్న కోల్డ్ స్టోరేజీ దాకా వెళ్ళిందట. అక్కడి మనుషులు బస్తాల్లోంచి విడిగా అమ్మం పొమ్మంటే, గేటు దగ్గర ఎండలో గంటసేపు నిలబడి బతిమాలుకుని నాలుగు దుంపలు తెచ్చుకుందట. తలుపు తెరిచినప్పుడు లోపల్నుంచి వచ్చిన చల్లగాలికి పాప, మా తాత వాసన అందట.

“అవి కూడా జావే అయ్యాయమ్మా” అంది ఆమె. “ఇప్పుడే. గిన్నె నా ముందే ఉంది. నాకు చెయ్యి కుదరదేమో. పాప పాపం ఏమీ అనలేదు. మా అమ్మకి ఒక్కదానికే వచ్చు అంది, అంతే. నిన్న పొద్దుటినుంచీ గ్లాసెడు పాలు తప్ప ఏమీ ముట్టలేదు. డాక్టరుకి చూపించాను, జబ్బేమీ లేదన్నాడు. మీరు ఒక నాలుగు చేసి పంపగలరా? బస్సులో వచ్చేవాళ్ళెవరైనా ఉంటే. ఆయన్ని అడగమంటే మొహమాటపడుతున్నాడు.”

మా అమ్మకి ఒక్కదానికే వచ్చు. ఆ మాట కోసమే కదా నేను ఆ వాక్యం మింగేసింది. అది వచ్చి నా చెవిలో పడింది. పడ్డాక తెలిసింది, అది పస్తు ఉన్న పిల్ల అన్న మాట అని.

ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో నాకే తెలియదు. ఆ కాగితంలో లేని మాట పాపకి తెలుసు. వందసార్లు పీట మీద నిలబడి చెప్పింది అదే కదా. రెండుసార్లు ఆ గిన్నె దాని కళ్ళముందు జావైంది. రెండుసార్లూ అది చూస్తూ ఊరుకుంది.

“అక్కా” అన్నాను. “అది పారబొయ్యకండి. ఫోను ఒకసారి పాపకివ్వండి.”

అడుగుల చప్పుడు. ఫోను చేతులు మారిన గరగర.

“అమ్మా” అంది పాప.

“తల్లీ, దుంప జావయ్యాక ఏం చెయ్యాలో నీకు తెలుసుగా?”

వెనక ఎక్కడో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

“తెలుసు.”

“మరి ఆంటీకి చెప్పలేదేం?”

“నువ్వు కాగితంలో రాయలేదుగా” అంది. తర్వాత గొంతు బాగా తగ్గించింది. చేత్తో ఫోనుకి అడ్డం పెట్టుకున్నట్టుంది. “నేను మొత్తం చదివా. రెండుసార్లు చదివా. అందులో లేదు. ఇక్కడ ఉండలు కుదరకపోతే నాన్న నన్ను మనింటికి తెచ్చేస్తాడనే కదా నువ్వు రాయలేదు. నేనెవరికీ చెప్పలేదమ్మా.”

దాని రెండు ముద్దల అన్నం, బిగించిన నోరు, గేటు దగ్గర ఎండలో గంటసేపు, అన్నీ మా ఇద్దరి ఉమ్మడి రహస్యం అనుకుని మోస్తోంది అది. నా కోసం కాపలా కాస్తోంది.

అవును తల్లీ, అందుకే అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే నిజమే చెప్పినట్టు. కానీ అలా అంటే అది ఎన్నాళ్ళయినా అలాగే కాచుకుని ఉంటుంది.

“కాదమ్మా” అన్నాను. “రాయడం మర్చిపోయాను.”

“మర్చిపోయావా?”

“ఆ. ఆ రోజు హడావిడిలో మర్చిపోయాను.”

అది ఏమీ అనలేదు. ఎన్నోసార్లు అది అలిగింది నా మీద, అరిచింది, ఒకసారి కొరికింది కూడా. ఇలా మాత్రం ఎప్పుడూ ఊరుకోలేదు.

“ఆంటీకి చెప్పు తల్లీ. అక్కడే ఉందిగా గిన్నె.”

“ఊఁ” అంది.

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. కట్ చెయ్యడం మరిచిపోయింది. కుర్చీ నేల మీద ఈడ్చిన శబ్దం వినిపించింది. అక్కడ పీట లేదు కాబోలు. దూరంగా దాని గొంతు.

“పారెయ్యొద్దు ఆంటీ. అది ఏడుస్తోంది అంతే. ఇంకా పొయ్యి.”

ఆమె ఏదో అడిగింది, నాకు వినిపించలేదు.

“ఇంకా” అంది పాప. “ఆపకు.”

చెంచా గిన్నెకి తగులుతోంది. టింగుటింగుమని. మధ్యలో ఒకసారి ఆమె నవ్వినట్టయింది, ఆశ్చర్యంగా. చప్పుడు మెల్లగా మొద్దుబారడం మొదలైంది. నాన్న ఎప్పుడొచ్చాడో, చంకన కోటుతో గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. మాట్లాడవద్దని చెయ్యి అడ్డం పెట్టాను.

చెంచా చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా విని, అప్పుడు ఫోను పెట్టేశాను.